కిల్వా ద్వీపం: వైభవానికి రెండు ముఖాలు

నేటి టాంజానియా దక్షిణ తీరానికి చేరువలో కిల్వా కిసివానీ అనే చిన్న ద్వీపం ఉన్నది. స్వాహిలీ భాషలో 'కిసివానీ' అంటే 'ద్వీపం మీద' అని అర్థం. తీరానికీ దీనికీ నడుమ, ఓడలు నిర్భయంగా లంగరు వేయదగిన లోతైన రేవు ఉన్నది. ఈ ద్వీపం చరిత్ర అంతా ఆ రేవు చరిత్రే.

షీరాజ్ నుండి వచ్చిన అలీ బిన్ అల్-హసన్ ద్వీపాన్ని చుట్టడానికి సరిపడే వస్త్రాన్ని ఇచ్చి దీనిని కొన్నాడని కిల్వా రాజుల చరిత్ర చెబుతున్నది. కాని 1960లలో జరిగిన త్రవ్వకాల వల్ల, సుమారు 9వ శతాబ్దం నాటికే అక్కడ స్థానికుల జనావాసం ఉన్నదని తేలింది. కనుక కిల్వా కేవలం బయటినుండి వచ్చిన రాజవంశపు సృష్టి కాదు. ఇస్లాంను స్వీకరించిన తీరవాసులు పెంపొందించుకున్న నగరం.

దక్షిణాన సొఫాలా రేవునుండి వచ్చే బంగారం కిల్వాను సంపన్నం చేసింది. సుల్తానులు తమ పేర రాగి నాణేలు ముద్రించారు. పగడపు రాతితో కట్టిన జామె మస్జిద్, నూరుకు పైగా గదులున్న హుసూనీ కుబ్వా రాజప్రాసాదం ఆనాటి ఐశ్వర్యానికి సాక్ష్యాలు.

1331లో ఇబ్న్ బతూతా ఇక్కడికి వచ్చాడు. దాతృత్వం వల్ల 'అబుల్ మవాహిబ్' అని పేరొందిన సుల్తాన్ హసన్ బిన్ సులైమాన్‌ను ఆయన ఎంతో ప్రశంసించాడు. ఒక ఫకీరు అడిగిన వెంటనే సుల్తాన్ తాను ధరించిన దుస్తులే ఇచ్చివేశాడట. యువరాజు వాటిని తిరిగి తీసుకొని, బదులుగా పదిమంది బానిసలను ఇచ్చాడు. ప్రజల మెప్పు విన్న సుల్తాన్ మరో పదిమందిని, రెండు బరువుల దంతాన్ని అదనంగా ఇప్పించాడు.

ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా ఔదార్యానికి ఉదాహరణగా చదువుతాము. కాని ఆ ఇరవై మంది ఎవరు? వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు. జకాత్ వ్యయమార్గాలలో బానిసల విముక్తిని కూడా ఖుర్ఆన్ (9:60) చేర్చింది. ఇక్కడ మాత్రం బానిసలే దానవస్తువులైనారు.

1505లో పోర్చుగీసు సేనాని అల్మైదా నగరాన్ని కొల్లగొట్టి కోట కట్టాడు. 1512లో వారు వెళ్ళిపోయినా, పూర్వపు బంగారు వ్యాపారం తిరిగి రాలేదు. 1776లో నాటి కిల్వా సుల్తాన్, ఏటా వెయ్యిమంది బానిసలను ఇచ్చేందుకు మోరిస్ అనే ఫ్రెంచి వర్తకునితో ఒప్పందం చేసుకున్నాడు. బంగారం పోయిన రేవులో మనుషులే సరుకైనారు.

1981లో యునెస్కో ఈ శిథిలాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వాటి చెంత నేటికీ చేపలు పట్టుకొని బ్రతికే కుటుంబాలు నివసిస్తున్నాయి. పరాయివారి దోపిడీని తప్పక చెప్పుకోవలసిందే. అయితే మన వారి తప్పిదాలను కూడా అదే త్రాసులో తూచినప్పుడే అది చరిత్ర అవుతుంది. లేకున్న అది వట్టి ఆత్మస్తుతి.