క్రిస్మస్‌కు ముందు నెల

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు మీద ఒక జాబితా వెలుస్తుంది. పిల్లల టీచర్లకు ఇవ్వవలసిన బహుమతులు, ఆఫీసు పార్టీకి పట్టుకెళ్ళవలసిన వంటకం, పక్కింటివారు కార్డు పంపారు గనుక మనం పంపవలసిన కార్డు, ఇండియా ప్రయాణం ఉంటే పెట్టెల తూకం, అది చాలనట్టు మన సంఘం సంక్రాంతి నాటకానికి రిహార్సళ్ళు. కిందటి డిసెంబరులో మా ఇంటి జాబితాలో ముప్ఫైనాలుగు పద్దులున్నాయి. ఇరవైనాలుగో తారీకు సాయంత్రానికి ముప్ఫైఒకటి కొట్టివేశాము. మిగిలిన మూడింటి కోసం దుకాణానికి వెళ్ళి, వరుసలో నలభై నిమిషాలు నిలబడి, ఇంటికొచ్చి పిల్లల మీద విసుక్కుని, సరిగా భోజనం కూడా చేయకుండా ఆసుపత్రికి రాత్రి డ్యూటీకి బయలుదేరాము. గుమ్మం దగ్గర మా చిన్నది, "పండగ ఎప్పుడొస్తుంది నాన్నా?" అని అడిగింది. ఇదే పండగ కదమ్మా అనడానికి మాకు నోరు రాలేదు.

ఆ రాత్రి పదిన్నరకు ఎమర్జెన్సీకి ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒక పెద్ద దుకాణంలో డబ్బు పుచ్చుకునే ఉద్యోగం. గుండెనొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే మధ్యాహ్నం రెండింటికి అన్నది. మరి ఇంతసేపూ ఏం చేస్తున్నావమ్మా అంటే, షాపు మూసేదాకా కౌంటరు వదలడానికి వీల్లేకపోయిందట. ఈ పండగ రాత్రి మీకు శ్రమ ఇచ్చానని మమ్మల్నే క్షమించమన్నది. అదృష్టవశాత్తు బతికింది. అయితే మేము సాయంత్రం నిలబడిన వరుసకు అవతలి పక్కన కూడా ఇలాంటి మనిషే ఎవరో నిలబడి ఉందిగదా అన్న తలపు మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

జబ్బు ఎప్పుడు మొదలైందని అడగడం వైద్యుల అలవాటు. ఈ డిసెంబరు హడావుడి ఎప్పుడు మొదలైందా అని ఆ తరువాత తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాము. ఆ చదివినదే ఈ నాలుగు మాటలు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటారు. లాటిన్ మాట; రాక అని అర్థం. తెలుగు క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. నవంబరు 30కి దగ్గరలో వచ్చే ఆదివారంతో మొదలవుతుంది. ఇప్పుడు ఆ పేరు వినగానే చాక్లెట్లు దాచిన అట్ట క్యాలెండరు గుర్తుకొస్తుంది గాని, మొదట్లో అది ఉపవాస కాలం. 6వ శతాబ్దం చివర, నేటి ఫ్రాన్సులోని మాకాన్ పట్టణంలో కూడిన బిషప్పులు, నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, ఉపవాసం ఉండాలని తీర్మానించారు. తూర్పు సంఘాలలో క్రిస్మస్‌కు ముందు నలభై రోజుల ఉపవాసం ఇప్పటికీ ఉంది. మనకు దగ్గరలోనే, కేరళలోని సిరియన్ క్రైస్తవులు డిసెంబరు 1 నుంచి ఇరవైఐదు రోజుల నోము పడతారు. రోమన్ చర్చిలో ఈ వారాలలో గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. ఆదివారాల పూజలో మామూలుగా పాడే 'గ్లోరియా' స్తోత్రాన్ని ఆపేసి, క్రిస్మస్ రాత్రికి దాచి ఉంచుతారు. ఈ రోజుల్లో ఆర్భాటంగా పెళ్ళిళ్ళు చేయరాదన్న పాత నియమాన్ని 1563లో ట్రెంట్ మహాసభ మళ్ళీ ఖాయం చేసింది.

ఇది చదువుతుంటే మాకు ధనుర్మాసం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? అదీ డిసెంబరు మధ్యలోనే మొదలై భోగి దాకా నడుస్తుంది. ఆ నెల పెళ్ళి ముహూర్తాలు పెట్టరు. తిరుమలలో ఆ నెలంతా సుప్రభాతం ఆపి తిరుప్పావై పఠిస్తారు. తెల్లవారక ముందే లేవడం, చన్నీళ్ళ స్నానం, రోజుకొక పాశురం, చేతిలో వేడి పొంగలి. రెండూ ఒకటేనని మేము అనడం లేదు, నమ్మకాలు వేరు, కథలు వేరు. కాని పండుగకు ముందు కొన్నాళ్ళు నోరు కట్టుకుని, గొంతు తగ్గించుకుని ఎదురుచూడాలన్న ఊహ మాత్రం పొట్టి పగళ్ళ కాలంలో అక్కడా ఇక్కడా పుట్టింది. విందులు ఆ తరువాతనే. యూరపులో డిసెంబరు 25 నుంచి జనవరి 6 దాకా పన్నెండు రోజులు పండుగ. ఇప్పుడు చూడండి, విందులన్నీ ముందు నెలలో అయిపోయి, 26 ఉదయానికే కొన్ని ఇళ్ళ ముందు చెట్టు చెత్తకుండీ పక్కన పడి ఉంటుంది.

అమెరికాకు ఈ పండుగ తిన్నగా రాలేదు. ప్లిమత్‌లో దిగిన ప్యూరిటన్లు 1620 డిసెంబరు 25న ఇల్లు కట్టే పనిలో గడిపారు. మరుసటి ఏడాది కొత్తగా వచ్చినవారు కొందరు ఆ రోజు పని చేయడానికి మనస్సు ఒప్పదన్నారు. సరేనని వదిలిపెట్టిన గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్, మధ్యాహ్నం వాళ్ళు వీధిలో ఆటలాడుతుంటే చూసి, ఆట సామాను లాక్కున్నాడు. 1659లో మసాచుసెట్స్ కాలనీ, క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టమే చేసింది. 1681 దాకా అది రద్దు కాలేదు. బైబిల్లో ఆ తేదీ లేదన్నది ఒక కారణం, తాగి వీధుల్లో అల్లరి చేస్తారన్నది మరొకటి. ఆ రెండో దానిలో నిజం లేకపోలేదు.

పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ లూథరన్లు మాత్రం తమ ఆచారాలు వదులుకోలేదు. వీరి కథకు మన ఊళ్ళతో సంబంధం ఉంది. 1842లో గుంటూరు వచ్చిన హెయర్ ఆ లూథరన్ల పక్షాన వచ్చినవాడే. మధ్యలో అమెరికా తిరిగి వెళ్ళినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదివి, డాక్టరై మళ్ళీ గుంటూరు చేరాడు. పెన్సిల్వేనియా నుంచే డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, స్త్రీల కోసం ఆసుపత్రి నిలబెట్టి, 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూసింది. ఆమె పేరున్న ఆసుపత్రిలో పుట్టినవారు మన సభ్యులలో ఉన్నా ఆశ్చర్యం లేదు. అక్కడి డాక్టర్లు ఆనాడు గుంటూరు వెళ్ళారు, గుంటూరు డాక్టర్లు 1965 వలస చట్టం తరువాత ఇక్కడికి వచ్చారు. లెక్క సరిపోయింది.

హడావుడి మొదలైంది 19వ శతాబ్దంలో. డికెన్స్ క్రిస్మస్ కథ అచ్చైన 1843లోనే లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన ఉత్తరాలు రాసే తీరిక లేక మొదటి క్రిస్మస్ కార్డు వేయించాడు. అంటే ఆ కార్డు పుట్టిందే పని తప్పించుకోవడానికి! 1875లో బోస్టన్‌లో లూయిస్ ప్రాంగ్ అమెరికాలో కార్డుల అమ్మకం మొదలుపెట్టాడు. జరిమానా వేసిన ఊరే కార్డుల ఊరైంది. 1867లో న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం డిసెంబరు 24న అర్ధరాత్రి దాకా తలుపులు తెరిచి ఉంచింది. 1870లో అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో క్రిస్మస్ ప్రభుత్వ సెలవైంది.

ఆ అర్ధరాత్రి తెరిచిన తలుపుల వెనుక ఎవరున్నారన్నదే మా ప్రశ్న. పద్నాలుగేళ్ళు కూడా నిండని 'క్యాష్ గర్ల్స్' ఉన్నారు. కౌంటరు నుంచి డబ్బు పట్టుకుని గుమాస్తా దగ్గరికి, చిల్లర పట్టుకుని మళ్ళీ కౌంటరుకు పరుగెత్తడం వాళ్ళ పని. రోజంతా కూర్చోవడానికి స్టూలైనా లేక నిలబడిన అమ్మాయిలున్నారు. మంచులో బండి మీద పొట్లాలు చేరవేసే కుర్రవాళ్ళున్నారు. న్యూయార్క్ రాష్ట్రం 1896లో దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల పనిగంటలకు హద్దు పెట్టింది గాని, డిసెంబరు రెండో సగానికి మినహాయింపు ఇచ్చింది. ఏ పదిహేను రోజుల్లో ఆ చట్టం అక్కరకు రావాలో సరిగ్గా ఆ పదిహేను రోజులూ చట్టం నిద్రపోయేదన్నమాట.

దీని మీద గొంతెత్తినవారిలో ఫ్లోరెన్స్ కెల్లీ ముఖ్యురాలు. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రానికి మొదటి ప్రధాన ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, 1899లో జాతీయ వినియోగదారుల సంఘానికి కార్యదర్శి అయింది. 1903లో ఆమె రాసిన వ్యాసం శీర్షికే క్రిస్మస్ వికృతమైందని చెబుతుంది. మన ఆనందం కోసం ఆ పిల్లలు పండుగనాటికి మంచాన పడుతున్నారని ఆమె వాదం. ఆమె తిట్టింది యజమానులను మాత్రమే కాదు, చివరి నిమిషం దాకా ఆగి కొనేవారిని కూడా. ఈ సంఘం వారు దుకాణాల 'తెల్ల జాబితా' ప్రకటించేవారు. పనివాళ్ళను సరిగా చూసుకునే షాపుల పేర్లు అందులో ఉండేవి. 'ముందుగా కొనండి' అని ప్రచారం చేశారు. నవంబరులోనే కొంటే డిసెంబరు రాత్రులు ఆ పిల్లలు ఇంటికి పోయి నిద్రపోతారని. ఆ దయగల మాటను తరువాత దుకాణదారులే ఎత్తుకున్నారు. ఇప్పుడు అక్టోబరులోనే అలంకరణలు కనిపిస్తే, ఆ నినాదం ఎవరి కోసం పుట్టిందో గుర్తున్నవారు తక్కువ.

1912లో న్యూయార్క్‌లో మరో తమాషా సంఘం వెలిసింది. పేరు 'పనికిరాని బహుమతుల నివారణ సంఘం'. ఎలినార్ బెల్మాంట్, బ్యాంకరు మోర్గన్ కూతురు ఆన్ మోర్గన్ దీనికి ఊపిరి పోశారు. పేరు నవ్వు పుట్టించినా సంగతి నవ్వేది కాదు. దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు తమ జీతంలోంచి చందా వేసి పై అధికారులకు క్రిస్మస్ బహుమతులు ఇవ్వవలసిన ఆచారం ఉండేది. ఇవ్వకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ అమ్మాయిలే ముందు చేరారు; మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా సభ్యుడయ్యాడు. పండుగ మామూళ్ళు మనకు కొత్తవి కావు గనుక ఈ సంఘం మీద మాకు ప్రత్యేకమైన అభిమానం.

మరో రూజ్‌వెల్ట్ దీనికి ఎదురు దారి పట్టాడు. 1939లో థాంక్స్‌గివింగ్ నవంబరు ఆఖరి రోజున పడింది. అమ్మకానికి రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకుంటే ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపాడు. సుమారు సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు. దేశంలో ఆ పండుగ రెండు వేర్వేరు గురువారాల్లో జరిగింది. మన పంచాంగకర్తల తగవులు విని నవ్వేవారికి ఈ ముక్క చెప్పవచ్చు. చివరకు 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు.

వైద్యులుగా ఒక మాట. క్రిస్మస్‌కు ఆత్మహత్యలు పెరుగుతాయని ఏటా పత్రికలు రాస్తాయి గాని, ఈ దేశపు లెక్కల ప్రకారం డిసెంబరులో అవి తక్కువే. గుండె సంగతి వేరు. 1973 నుంచి 2001 దాకా మరణ పత్రాలు పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో, గుండెజబ్బు మరణాలు ఏడాది మొత్తంలో డిసెంబరు 25న ఎక్కువగా కనిపించాయి. స్వీడన్‌లో పదహారేళ్ళ లెక్కలతో 2018లో వచ్చిన అధ్యయనంలో, క్రిస్మస్ ముందు రోజు గుండెపోట్లు మామూలు రోజుల కంటే 37 శాతం ఎక్కువ. అదీ రాత్రి పది గంటల ప్రాంతంలో. మా దగ్గరికి ఆవిడ వచ్చిన వేళ! ఆందోళన, అలసట, అతిగా తినడం, ఇంట్లో చుట్టాలుండగా ఆసుపత్రికి ఎలా వెళ్ళడమన్న మొహమాటం, ఇందులో దేని పాలు ఎంతో విడదీయడం కష్టం. నొప్పి వస్తే మాత్రం పండగని ఆగకండి. మన ఆడవాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. వంట అయ్యాక చూద్దామంటారు.

మధ్యలో ఒక సంగతి వదిలేశాము. 1839లో హాంబర్గ్ నగరంలో యొహాన్ వైఖర్న్ అనే పాదిరీ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. ఆగమన కాలం రాగానే ఆ పిల్లలు రోజూ ఒకటే అడిగేవారట, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని. ఆయన ఒక పాత బండిచక్రం తెచ్చి, దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి నిలిపి, రోజుకొకటి వెలిగించేవాడు. పిల్లలు వెలిగినవి లెక్కపెట్టుకునేవారు. ఆ చక్రమే చిన్నదై, నాలుగు కొవ్వొత్తుల ఆకుల దండగా ఇళ్ళలోకి వచ్చింది. మా చిన్నది అడిగిన ప్రశ్నే అది. మేము నోరు మెదపలేని చోట ఆయన కొవ్వొత్తి వెలిగించాడు.

ఈ ఏడాది మా ఫ్రిజ్ మీది జాబితా పదకొండు పద్దులకు దిగింది. కార్డులు ఉగాదికి పంపుతామని పక్కింటివారితో చెప్పాము. వారికి ఉగాది ఏమిటో వివరించడానికి అరగంట పట్టింది గాని, టీ తాగుతూ కూర్చున్న ఆ అరగంట బాగానే గడిచింది. ఇరవైనాలుగు రాత్రి డ్యూటీ ఎప్పటిలాగే మాదే. తోటి డాక్టర్లలో చిన్న పిల్లలున్నవారు ఆ రాత్రి ఇంట్లో ఉండాలి, వారు మాకు సంక్రాంతికి ఇస్తారు. ఆ ఒప్పందం మార్చే ఉద్దేశం లేదు. అయితే ఆ రోజు సాయంత్రం దుకాణానికి వెళ్ళము. ఏడింటికి అన్నాలు తిని, దీపాలార్పి, బల్ల దగ్గర కాసేపు కూర్చుందామని అనుకున్నాము. మన సంఘ కార్యవర్గం వారు ఆ వారం రిహార్సలు పెట్టకుండా ఉంటే మరీ సంతోషం. కొవ్వొత్తి వెలిగించే వంతు పెద్దవాడిదని తీర్పు చెప్పాము. ఆర్పే వంతు తనదేనని చిన్నది ఇప్పటినుంచే పట్టుబడుతోంది.