వదులు

ఎడమ చేత్తో ప్యాంటు నడుము పట్టుకుని, కుడి చేత్తో సంచీ మోసుకుంటూ మా వీధి చివర టైలరు దుకాణానికి వెళ్లాను. సంచీలో మరో మూడు ప్యాంట్లున్నాయి. బెల్టుకు కొత్తగా పొడిపించిన రెండు బెజ్జాలూ చాలకపోవడంతో వచ్చిన తిప్పలు.

"అన్నీ వదులైపోయాయి సాయిబుగారూ" అన్నాను.

ఆయన మెడలోని టేపు తీసి నా నడుము చుట్టూ వేశారు. "40 నుంచి 36కి దిగారు మాస్టారూ! ఏం వదిలేశారేంటి?"

రాత్రి పూట అన్నం, కాఫీలో పంచదార, పెళ్లి భోజనాల్లో రెండో లడ్డూ. షుగరు పరీక్ష కాగితం చూసి డాక్టరుగారు వదలమన్నవే అన్నీ. ఆ జాబితా చదవబోయి ఆగిపోయాను. నేనన్న మాటా ఆయన అడిగిన మాటా ఒకటేనని అప్పుడు తట్టింది. నాది గుణం, ఆయనది క్రియ. ప్యాంటుకు ఏమైందో చెప్పే మాటతోనే నేనేం చేశానో అడిగారాయన.

పాత పుస్తకాల్లో క్రియను వదలు అని రాయడం ఎక్కువ. నోటికి ఆ తేడా లేదు. ముడిని చూస్తే సంగతి తెలుస్తుంది. ముడి ముందు వదులవుతుంది, తర్వాత వదులుతుంది. మొదటిది స్థితి, రెండోది ఆ స్థితి ముదిరితే జరిగేది. తాడు పేనేవాడికీ గేదెను కట్టేవాడికీ రెండు మాటలతో పని లేదు.

ఇంగ్లీషువాడి దగ్గరా ఇదే తంతు. మనం లూజు అని తెచ్చుకున్న మాటా, పోగొట్టుకోవడానికి వాళ్లు వాడే లూజ్ అన్న క్రియా, నష్టానికి వాడే లాస్ అన్న మాటా ఒక్క వేరు నుంచి మొలిచినవే. ఒకే 'ఓ' అక్షరం తేడా ఉన్న మొదటి రెంటినీ తారుమారు చేసి రాయని విద్యార్థిని నా పాతికేళ్ల పాఠాల్లో చూడలేదు. తప్పు వాళ్లది కాదు, కవలలది. ఆ వేరుకు విప్పడం, తెగ్గొట్టడం అని అర్థం. సంస్కృతంలో దాని కొమ్మ లూ ధాతువు. కోయడమని అర్థం. కొడవలిని లవిత్రం అన్నదీ, కోసిన చిన్న ముక్కను లవం అన్నదీ అందుకే. కాబట్టి ప్యాంటు లవలేశం లూజైందంటే ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు. ఇంగ్లీషు మాటకూ మన వదులుకూ మాత్రం రక్తసంబంధం లేదు. వదులైనది చేజారుతుందన్న సంగతి రెండు జాతులూ ఎవరికి వారే కనిపెట్టాయి.

వదులుకు ఎదురు మాట బిగుతు అని బడిలో చెబుతాం. వాడుకలో దాని అసలు జోడు పట్టు. జ్వరం పడుతుంది, వదులుతుంది. దయ్యమూ అంతే, శనీ అంతే. బట్టలూ ఈ లెక్కలోనే నడుస్తాయి. లావైన మనిషి, చొక్కా తనకు చిన్నదైందని చెప్పడానికి "ఈ చొక్కా నాకు పట్టదు" అంటాడు. వ్యాకరణం చూడండి. ఆ వాక్యంలో కర్త చొక్కా. మనిషిని పట్టుకోవలసింది అది, పట్టుకోలేకపోయింది కూడా అదే. మనవాడి తప్పేమీ లేదు. పైగా "నాకు పట్టదు" అంటే నాకు లెక్కలేదని మరో అర్థం. పదేళ్లపాటు నేను రెండర్థాల్లోనూ ఆ మాట అన్నాను.

కొవ్వు కూడా పడుతుంది. కానీ కొవ్వు వదిలిందని ఎవరూ అనరు, కరిగిందంటారు. నెయ్యితో ఉన్న చనువు అలాంటిది. కరిగిన నెయ్యి మళ్లీ పేరుకుంటుందన్న ఎరుక కూడా ఆ మాటలో దాగుందని నా అనుమానం.

బరువు మాటల్లో అన్నిటికన్నా పెద్ద వేషం మార్చింది లావు. ఇవాళ అది పొట్టకూ పిక్కలకూ సంబంధించినది. ఒకప్పుడు లావంటే బలం, సత్తువ. 15వ శతాబ్దంలో పోతన రాసిన గజేంద్రమోక్షంలో, మొసలితో పెనుగులాడి అలసిన ఏనుగు తనలో ఇక లేదని మొరపెట్టుకున్నది ఈ లావే. అర్థం మారిన సంగతి తెలియని పిల్లలు ఆ పద్యం విని, ఏనుగుకు లావు లేకపోవడమేమిటని నవ్వుతారు. బలియడమూ ఈ దారే పట్టింది. లోపల బలం ఉన్నా అర్థం ఒళ్లుకు దిగింది, ఒళ్లు నుంచి పొగరుకు ఎక్కింది. తిండి కరువైన కాలంలో ఒంటిమీద కండ కనబడితే అది బలమే. గిన్నెలు నిండాక అదే కండకు వేరే అర్థం వచ్చింది. మాట మారలేదు, వంటిల్లు మారింది.

ఆ ఏనుగు మొసలికి చిక్కింది. వెయ్యేళ్లు పెనుగులాడి చిక్కింది కూడా. మొదటి చిక్కడం దొరికిపోవడం, రెండోది బక్కచిక్కడం. ఇక పాల దగ్గరికి వస్తే చిక్కనివి అంటే నీళ్లు తక్కువైనవి. మనిషి చిక్కితే పలచబడతాడు, పాలు చిక్కబడితే మందమవుతాయి! ఎంత తలకిందుల మాట అని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు పొయ్యి మీద కోవా చూస్తుంటే ముడి వీడింది. పాలల్లో నీళ్లు పోతున్నాయి, ఉన్నది దగ్గరపడుతోంది. మనిషిలోనూ జరిగేది అదే. కుదించుకుపోవడం, దగ్గరపడటం ఈ మాట గుండె అని నాకు తోచింది. జుట్టు చిక్కుపడటమూ అదే, దారాలు దగ్గరకొచ్చి పట్టుకోవడమూ అదే. కన్నడంలో చిక్క అంటే చిన్న. చిక్కమగళూరు చిన్న కూతురి ఊరు.

మా పెద్దత్తయ్యకు ఈ శాస్త్రమంతా అక్కర్లేదు. మొన్న శుభకార్యంలో నన్ను చూసి "చిక్కిపోయావేమిట్రా నాయనా, ఒంట్లో బాగానే ఉంటోందా?" అని గడ్డం పట్టుకుంది. నాలుగంగుళాలు దిగి గర్వంగా వెళ్లినవాణ్ని. రెండేళ్ల కిందట ఆవిడే "కాస్త ఒళ్లు చేశావు, కళగా ఉన్నావు" అంది. ఒళ్లు చేయడం! పిండివంట చేసినట్టు, పెళ్లి చేసినట్టు, ఒళ్లు కూడా కష్టపడి చేసుకునేదే. తగ్గడానికి మాత్రం అలాంటి మెచ్చుకోలు మాట తెలుగులో వెతికి చూడండి. నీరసం, బక్కచిక్కడం, పీక్కుపోవడం. అన్నీ పరామర్శకు పనికొచ్చేవే.

కొలతను ఇప్పుడు సైజు అంటున్నాం. ఈ సైజుది రాజవంశం. పాత ఫ్రెంచిలో అసీజ్ అంటే కూర్చోవడం. న్యాయాధికారులు కూర్చుని తీర్చే కొలువుకు, ఆ కొలువు చేసే కట్టుబాటుకు అదే పేరైంది. 13వ శతాబ్దపు ఇంగ్లండులో రొట్టెకూ ఏల్ అనే పానీయానికీ ఇలాంటి చట్టం ఉండేది. రొట్టె ధర కదలదు. గోధుమల ధర పెరిగితే రొట్టె బరువు తగ్గాలి, తగ్గితే పెరగాలి. ఎంత తగ్గాలో ఎంత పెరగాలో చట్టం చెబుతుంది. అలా కట్టడి చేసిన పరిమాణం సైజు. ముందున్న 'అ' రాలిపోయింది. అంటే కూర్చోవడం, రొట్టె, ఈ రెండూ కలిస్తే సైజు. మా డాక్టరుగారు ఫీజు పుచ్చుకుని చెప్పినది కూడా ఇంతకుమించి ఏమీ లేదు.

ఆ కూర్చోవడానికి లాటిన్ మూలం, మన సద్ ధాతువుకు తోబుట్టువు. సదనం, సదస్సు, పరిషత్తు, గురువు దగ్గర కూర్చుని నేర్చిన ఉపనిషత్తు ఆ ఇంటివే. చొక్కా కాలరు వెనక చీటీకీ, ఉపనిషత్తుకూ ముత్తాత ఒకడేనని చెబితే మా ఆవిడ నమ్మలేదు. "ఆ మాట చెప్పి ఎక్కువసేపు కూర్చోకండి" అంది.

మన పాత బట్టలకు సైజు అన్న మాట అవసరమే లేదు. చీర ఉంది. సంస్కృతంలో చీరం అంటే పొడవాటి పీలిక, నారబట్ట. ఉత్తరాదివారి సాడీ శాటి నుంచి వచ్చింది. మాటలు వేరు, బుద్ధి ఒకటే. కొలత గుడ్డకు ఉంటుంది, మనిషికి ఉండదు. సన్నబడితే ఒక కుచ్చిలి ఎక్కువ పడుతుంది, లావైతే ఒకటి తగ్గుతుంది. అమ్మమ్మ కట్టిన పట్టుచీర మనవరాలికి పనికొచ్చేది ఆ గుణం వల్లే. పంచె కూడా అంతే. పైజామాకు బొందు ఉంది. పారసీలో కాలికి తొడిగే బట్ట అని పైజామాకు అర్థం, పొట్ట ఊసు లేదు. చీరతోపాటు కొలత కోరేది జాకెట్టు ఒక్కటే. దానికీ అంకె చెప్పేవారు కాదు. సరిపోయిన పాత జాకెట్టు ఒకటి టైలరు ముందు పెట్టి, ఇది ఆది అనేవారు. ఆది అంటే మొదలు. ఒళ్లు మారాక ఆది మారుతుంది. సృష్టికే కాదు, జాకెట్టుకూ ఆది ఎక్కడుందో తేల్చడం కష్టం.

ఒంటి కొలత తెలిపేది మరొకటి ఉండేది, మొలతాడు. బిడ్డ పెరుగుతుంటే వదులు చేసి కట్టేవారు. పెద్దయ్యాక అది బిగిస్తే నాలుగు రోజులు బాగా తిన్నట్టు, జారితే జ్వరపడి లేచినట్టు. అంకెలు లేని టేపు అది.

నడుము అన్న మాటలోనూ కొలత లేదు, చోటు ఉంది. నడుమ ఉన్నది కనుక నడుము. తమిళంలోనూ కన్నడంలోనూ నడు అంటే మధ్య. మధ్యలో వచ్చిపడిన కలిమిని నడమంత్రపు సిరి అంటాం. నలభయ్యో ఏట నా నడుముకు చేరిన సిరికి ఇంతకన్నా తగిన పేరు లేదు. ఇక జానెడు పొట్ట ఉండనే ఉంది. జాన అంటే పన్నెండు అంగుళులు, అంటే పన్నెండు వేళ్ల వెడల్పు, నేటి లెక్కలో సుమారు తొమ్మిది అంగుళాలు. తెలుగు జాతి తన పొట్టకు తానే ప్రకటించుకున్న సైజు అది. సాయిబుగారి టేపు ముందు ఎవరిదీ నిలవదు.

రెడీమేడ్ బట్టల దుకాణంలో అంకెకు నిలకడ లేదు. 36 అని రాసిన ప్యాంటు నడుమును టేపుతో కొలిస్తే 38 ఉండటం మామూలే. కొనేవాడి మనసు నొప్పించకుండా గుడ్డ పెంచి అంకె తగ్గించే ఈ పద్ధతికి ముఖస్తుతి కొలత అని పేరు పెట్టాను. పైగా ఆ అంకెలు మన ఒళ్లు చూసి వేసినవీ కావు. చాలాకాలంగా విదేశీ కొలతల పట్టికలతోనే మన దుకాణాలు బండి లాగుతున్నాయి. భారతీయుల ఒంటికి తగిన పట్టిక కోసమే నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ ఇండియాసైజ్ అన్న సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్యనున్న 25,000 మందిని యంత్రాలతో కొలవాలని అప్పటి సంకల్పం. ఆ ఆరింటిలో హైదరాబాదు ఒకటి. బిర్యానీకి ముందు కొలిచారా, తర్వాతా అన్నది నా సందేహం.

ప్యాంట్లు సాయిబుగారికి ఇచ్చి ఇంటికొచ్చి బీరువా తీశాను. ఫ్రెంచిలో బ్యూరో అంటే మొదట ముతక ఉన్ని గుడ్డ. ఆ గుడ్డ కప్పిన బల్లకు ఆ పేరు వచ్చింది. తర్వాత అరల పెట్టెకు, ఆ బల్ల ఉన్న కచేరీకి కూడా పాకింది. మన దగ్గరికొచ్చేసరికి ఇనప బీరువా అయి కూర్చుంది. గుడ్డలు దాచే బీరువా పుట్టుకతో గుడ్డే. మా బీరువాలో కింది అరలో పెళ్లినాటి 36, మధ్యలో 38, పైన 40. భూగర్భ శాస్త్రజ్ఞులు పొరలు చదివినట్టు నా చరిత్ర చదువుకోవచ్చు. 36 ప్యాంట్లు పట్టాయి కానీ, అప్పటి బెల్‌బాటం పాదాల దగ్గర ఇద్దరికి సరిపోతుంది.

"ఏవండీ, ఆ వదులు చొక్కాలు వదిలించుకోండి" అంది మా ఆవిడ. వ్యాకరణం తెలియకుండానే గుణాన్నీ క్రియనూ ఒక వాక్యంలో కూర్చింది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి ఆదివారం వచ్చింది. ఒక్కో చొక్కా ఎండకు పట్టి చూసి, కాలరు నలిగినవి పక్కన పడేసి, మిగిలిన తొమ్మిదింటికీ కలిపి ఒక మూతగిన్నె ఇస్తానంది. మా ఆవిడ బేరమాడి గరిటె కూడా రాబట్టింది. పదో చొక్కా, పదకొండో చొక్కా నేను ముందే మంచం కింద పెట్టెలోకి మార్చాను. దానమిచ్చేటప్పుడు నీళ్లు వదలడం ఆచారం. అందుకే ఆశ తెంచుకున్నదానికి నీళ్లొదులుకున్నాం అంటాం. నా గ్లాసులో ఆ రోజు అన్ని నీళ్లు లేవు.

వారం తర్వాత ప్యాంట్లకు వెళ్లాను. దుకాణం బోర్డు మీద "ఇచ్చట ఆల్ట్రేషన్ చేయబడును" అని ఉంది. లాటిన్‌లో ఆల్టర్ అంటే ఇంకొకటి, ఇద్దరిలో రెండోవాడు. దాని చివరనున్న 'టర్', మన ఇతరలోని 'తర' ఒకటే. ఉన్నదాన్ని ఇతరుడిదిగా చేసిపెట్టడం ఆల్ట్రేషన్ అన్నమాట. బోర్డు రాసినవాడు అంత దూరం ఆలోచించి ఉండడు.

ప్యాంట్లు ఇచ్చిన రోజు సాయిబుగారు కత్తెర పట్టుకుని ఒక ప్రశ్న వేసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "నాలుగంగుళాలు పట్టించాలి మాస్టారూ. ఎక్కువైన గుడ్డ ఏం చేయమంటారు?" నేను ఆ వారమంతా ఈ మాట చుట్టూనే తిరగబోతున్నానని తెలియక, ఇక మళ్లీ లావయ్యేది లేదన్న ధీమాతో, "వదిలెయ్యండి" అన్నాను.

ఇంటికొచ్చి ప్యాంటు తొడిగాను. అద్దినట్టు ఉంది. విప్పి తిరగేసి చూశాను. వెనక కుట్టుకు ఇటూ అటూ మడిచి, పైన సన్నటి కచ్చా కుట్టు వేసి, నాలుగంగుళాల గుడ్డా లోపలే భద్రంగా వదిలారు.