పాత దారి, కొత్త గీతలు

భివండీలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఏనుగు అనగానే గుర్తుకు వచ్చేది వినాయక చవితి పందిరి. కొంచెం పెద్దలైతే పోతనగారి గజేంద్రుడు. అడవి ఏనుగును చూడాలని ఎవరైనా ముచ్చటపడితే మైసూరు వైపో, కేరళ వైపో పొమ్మంటాం. తెలుగు నేలమీద కూడా అడవి ఏనుగులు తిరుగుతున్నాయనీ, వాటికోసం ఒక అభయారణ్యం ఉన్నదనీ మనలో చాలామందికి తెలియదు. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో పరుచుకున్న కౌండిన్య అభయారణ్యం అది. 1990లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యంగా దాని చరిత్ర చిన్నదే. అక్కడి ఏనుగుల చరిత్ర మాత్రం చాలా పెద్దది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే ఈనాటి తగవు అంతా ఉన్నది.

తెలుగువారికి ఏనుగు కొత్త జంతువు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఏ దేశపు ఏనుగు ఎలాంటిదో చెబుతూ కళింగ, అంగ దేశాల ఏనుగులను శ్రేష్ఠమైనవిగా లెక్కకట్టింది. ఏనుగుల అడవికి ప్రత్యేకంగా అధికారి ఉండాలనీ, ఏనుగును చంపినవానికి మరణదండన విధించాలనీ, తానుగా చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి అప్పగించినవానికి బహుమానం ఇవ్వాలనీ అందులో ఉంది. దీన్ని జీవకారుణ్యం అనుకోనక్కరలేదు. ఆనాటి రాజులకు ఏనుగే కోట తలుపు బద్దలుకొట్టే ఆయుధం. ఆయుధాగారాన్ని కాపాడుకున్నట్టే అడవిని కాపాడుకున్నారు.

వరంగల్లు వైపునుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలవారు పాలంపేట రామప్ప గుడిని చూసే ఉంటారు. 1213 నాటి ఆ గుడి గోడల అడుగుభాగాన ఏనుగులు బారులు తీరి చుట్టూ నడుస్తుంటాయి. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు కోటను ముట్టడించినప్పుడు సంధికోసం ప్రతాపరుద్రుడు అప్పగించిన సంపదలో ధనంతోపాటు గుర్రాలు, ఏనుగులు ఉన్నాయి. ఓఢ్ర రాజులు తమను గజపతులని పిలుచుకున్నారు. పదిహేనవ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన రెండవ దేవరాయలకు ‘గజబేటెకార’ అని బిరుదు. ఏనుగుల వేటగాడని దాని అర్థం. మన ఇంటిపేర్లలోకి కూడా ఏనుగు నడిచి వచ్చింది. భర్తృహరి సుభాషితాలను తెలుగుచేసిన ఏనుగు లక్ష్మణకవి, 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి ఆ ప్రయాణాన్ని గ్రంథస్థం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఇందుకు సాక్ష్యం.

గుడిమీదా, బిరుదులోనూ, ఇంటిపేరులోనూ ఇంతగా నిలిచిన ఏనుగు, చిత్తూరు ప్రాంతపు అడవుల్లో మాత్రం దాదాపు రెండు వందల ఏళ్ళపాటు కనిపించలేదు. సైన్యాలకోసం పట్టుకోవడం, వేట, అడవి నరికి సాగులోకి తేవడం, ఇవన్నీ దక్షిణదేశంలో ఏనుగుల తావులను కుదించివేశాయి. ఇంగ్లీషువారి ఏలుబడి మొదటి రోజుల్లో మద్రాసు రాజధానిలో ఏనుగును పంటలకు శత్రువుగా చూసి, చంపినవారికి బహుమానాలు కూడా ఇచ్చారు. తరువాత అదే ప్రభుత్వానికి కలప లాగడానికీ, సైన్యపు సామాను మోయడానికీ ఏనుగులు కావలసివచ్చాయి. 1873లో మద్రాసు రాజధానికి ఏనుగుల సంరక్షణ చట్టం, 1879లో ఇతర ప్రాంతాలకు మరో చట్టం వచ్చాయి. ఆ రోజుల్లోనే మైసూరు సంస్థానంలో శాండర్సన్ అనే అధికారి ఖెడ్డా పద్ధతిలో గుంపులకు గుంపులను పట్టించాడు. కాకనకోట ఖెడ్డా 1971 దాకా సాగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1992లో ఏనుగుల ప్రాజెక్టు వచ్చాయి. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించారు. ఆయుధం, శత్రువు, కూలి, వారసత్వం: ఏనుగు ఏమీ మారలేదు. మన ఖాతాలో దాని పద్దు మాత్రం మూడుసార్లు మారింది.

ఇక తిరిగి వచ్చిన సంగతి. 1980ల మొదటి భాగంలో హోసూరు, ధర్మపురి వైపు అడవులనుంచి ఏనుగులు కుప్పం ప్రాంతంలోకి దిగాయి. ముందు కొన్ని, తరువాత గుంపులుగా. ఉన్నచోట అడవి ముక్కలు కావడం, మేత, నీరు తగ్గడం దీనికి కారణాలుగా చెబుతారు. చూసినవారెవ్వరూ తమ తాతల కాలంలోనైనా అడవి ఏనుగును ఎరిగినవారు కారు. పంటచేలో పడిన జంతువును ఎలా తరమాలో, ఎంత దూరంలో నిలవాలో చెప్పగల పెద్దవాడు ఊళ్ళో లేడు. మైసూరు వైపు రైతుకు తరతరాలుగా అబ్బిన ఆ జ్ఞానం ఇక్కడ మధ్యలో తెగిపోయింది. చరిత్ర తెగితే మనిషికి జరిగే నష్టం ఇలాంటిది.

ఆ నేల సంగతి కూడా చూడండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. భాషా రాష్ట్రాల తరువాత సరిహద్దు తగవు తీర్చడానికి పటాస్కర్‌ను మధ్యవర్తిగా పెట్టారు. ఆ తీర్పు 1960 ఏప్రిల్ 1న అమలైంది. తిరుత్తణి మద్రాసుకు పోయింది, కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. సరిగ్గా నెల తరువాత, మే 1న, మనం ఉంటున్న మహారాష్ట్ర పుట్టింది. ఏనుగులు బయలుదేరిన హోసూరు ప్రాంతం నేడు తమిళనాడు. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు లెక్కలేనన్ని. అవి చేరిన కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. మనుషులు గీసిన గీతలు మనుషుల మాటనే ఆపలేకపోతే, ఏనుగు అడుగును ఆపగలవా?

2024 జనవరిలో బెంగళూరు వెళ్ళినప్పుడు రెండు రోజులు కలిసివస్తే ఆ అడవిని చూసివచ్చాను. మనవాళ్ళు వెళ్ళాలంటే కల్యాణ్‌లో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరులో దిగి, అక్కడినుంచి బంగారుపేట మీదుగా కుప్పం చేరవచ్చు. కేరళ అడవుల పచ్చదనం ఊహించుకుని వెళ్ళకూడదు. ఇది ఎండు అడవి. ముళ్ళచెట్లు, వెదురు, బండరాళ్ళ గుట్టలు, లోతైన లోయలు. కౌండిన్య, కైగల్ అనే రెండు ఏర్లే దానికి ఆధారం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోరాదు. మాతో వచ్చిన కావలి మనిషి ముందుగా లద్దెలు చూపించాడు. తరువాత వెదురుపొదలు విరిగిన తీరు, చెట్టు బెరడు ఒలిచిన గుర్తులు, బురదలో పళ్ళెమంత అడుగుజాడ. పొద్దు వాలుతుండగా చెరువు అవతలి గట్టున నాలుగు ఏనుగులు దిగాయి. మూడు పెద్దవి, ఒకటి పిల్ల. దూరం బాగా ఉండడంతో చప్పుడు కూడా వినరాలేదు. పావుగంట నీళ్ళు తాగి, పిల్లను మధ్యలో పెట్టుకుని, వచ్చిన దారినే చెట్లలోకి పోయాయి. గుంపును ఎప్పుడూ వయసు మీరిన ఆడఏనుగు నడిపిస్తుంది. నీరెక్కడుందో, దారేదో దాని జ్ఞాపకంలో ఉంటుంది. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలూ, బంధుత్వాలూ అమ్మమ్మకే తెలిసినట్టు.

తిరుగుదారిలో కావలి మనిషి ఒక చెరకు తోట చూపించాడు. సగం తొక్కేసి ఉంది. రైతు గట్టుమీద కూర్చున్నాడు. పలకరిస్తే, “మీరు చూసేదానికి వచ్చినారు సామీ, అవి మాకాడికి తినేదానికి వస్తాయి” అన్నాడు. అందులో కోపం లేదు. రాత్రి మంచెమీద కాపలా కాసి అలిసిపోయిన గొంతు అది.

ఒక ఏనుగు రోజుకు నూట యాభై కిలోల దాకా మేస్తుంది. అడవిలో రోజంతా తిరిగితే దొరికే మేత, చెరకు తోటలోనో రాగిచేలోనో గంటలో దొరుకుతుంది. కందకాలు తవ్వారు. సోలార్ కంచెలు వేశారు. కొన్ని పూడిపోయాయి, కొన్ని తెగిపోయాయి. తాళలేని కొందరు రైతులు నేరుగా కరెంటు తీగ లాగుతారు. దానికి ఏనుగూ చస్తుంది, ఒక్కోసారి మనిషీ చస్తాడు. రామకుప్పం మండలం ననియాలలో మచ్చిక చేసిన ఏనుగుల శిబిరం పెట్టారు. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ ముందు కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. ఇన్ని శతాబ్దాల అనుభవం ఉన్న పొరుగువారినుంచి మావటి విద్య అరువు తెచ్చుకోవడం మంచిదే.

నేను కామర్సు చదివినవాణ్ణి. నాకు ఈ సంగతి ఆస్తి అప్పుల పట్టీలాగానే కనిపిస్తుంది. జాతీయ వారసత్వమని ఆస్తివైపు దేశం పేరున వ్రాసుకున్నాం. అప్పువైపు పద్దు మాత్రం రెండెకరాల రైతు పేరున ఉంది. ఏ పట్టీ కూడా ఇలా కుదరదు. చెరకు వేయడానికి తీసుకున్న అప్పుకు వాయిదా తేదీ ఉంటుంది, ఏనుగు వచ్చే తేదీ ఉండదు. అడవి జంతువులవల్ల కలిగే నష్టాన్ని పంటల బీమాలోకి తెస్తున్నామని, 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని కేంద్ర వ్యవసాయశాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటలలో రైతు ఫోటోలతో సహా ఫోనులో తెలియజేయాలి. ఇది ఆలస్యంగానైనా సరైన అడుగే. కాని రాత్రంతా మంచెమీద ఉన్న రైతుకు ఆ ఫోటో తీసిపెట్టి, కాగితం నడిపించే మనిషి ఊళ్ళోనే ఉండాలి. లేకపోతే పథకం పుస్తకంలోనే మిగిలిపోతుంది.

ఇది ఎక్కడో చిత్తూరు గొడవ, మనకెందుకు అనుకోకండి. 2002 ప్రాంతంలో కర్ణాటకనుంచి ఏనుగులు మన మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా దోడామార్గ్ వైపు వచ్చాయి. 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక గుంపు గడ్చిరోలి అడవుల్లోకి వచ్చింది. ఆ జిల్లాలోని సిరొంచలో తెలుగు నేటికీ ఇంటిభాష. 2024 ఏప్రిల్‌లో ఒక ఒంటరి మగఏనుగు గడ్చిరోలి వైపునుంచి ప్రాణహిత దాటి తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలో అడుగుపెట్టింది. ఒక్క రోజు వ్యవధిలో ఇద్దరు రైతులు దానివల్ల ప్రాణాలు కోల్పోయారు. తరువాత అది నది దాటి వెనక్కు పోయింది. ఆ ఇద్దరూ తమ చేలకు పోయినవారే. అడవి ఏనుగు తమ ఊరికి వస్తుందన్న ఊహ కూడా వారికి ఉండి ఉండదు. కుప్పంలో నలభై ఏళ్ళ క్రితం జరిగినదే మళ్ళీ ఇక్కడ జరిగింది. కుప్పం నేర్చుకున్నదాన్ని ప్రాణహిత ఒడ్డుకు ఎవరూ ముందుగా మోసుకురాలేదు.

కుప్పంలో ఏనుగులు దిగిన ఏళ్ళలోనే, 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తరువాత, భివండీలో సాంచాలు పెరిగాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండలనుంచి మనవాళ్ళు మరింతమంది వచ్చారు. కూడు దొరకనిచోటునుంచి దొరికేచోటికి నడవడం మనకు తెలిసిన విషయమే. వచ్చినవానిని పరాయివాడనడం ఎంత తేలికో కూడా తెలుసు. అయితే ఈ పోలికను ఇంతకన్నా లాగకూడదు. మనం ఎవరి చేనూ తొక్కలేదు. కనుక ఏనుగుమీద జాలి చూపేటప్పుడు చేను పోయినవాడిని మరవకూడదు, చేనుగలవాడి పక్షాన మాట్లాడేటప్పుడు ఏనుగును దొంగ అనకూడదు.

దాని దారి మన జిల్లాలకన్నా, రాష్ట్రాలకన్నా పాతది. ఆ దారి ఎక్కడెక్కడ నుంచి పోతున్నదో గుర్తించి, మూడు రాష్ట్రాలూ కలిసి ఒకే పటం గీయాలి. దారిపొడుగునా ఉన్న రైతుల నష్టం దేశం భరించాలి. వేసవి సెలవుల్లో పిల్లలను ఊరికి తీసుకుపోయేటప్పుడు వీలైతే ఒక్క రోజు కౌండిన్యకూ తీసుకువెళ్ళండి. ఏనుగు కనబడినా, కనబడకపోయినా, గట్టుమీద ఉన్న రైతును తప్పక పలకరించండి. చరిత్రలో రెండో సగం చెప్పగలవాడు అతడే.