ఒకే బొమ్మ, రెండు లిపులు



చంకన ఎత్తుకున్న బిడ్డకు ఆకాశంలో చంద్రుణ్ణి చూపించి గోరుముద్దలు తినిపించడం తెలుగువాళ్ళ సొంత అలవాటేమీ కాదు. కన్నడిగులకూ ఆయన చందమామే. తమిళులకు అంబులిమామ. ఒడియా వారికి జహ్నమాము. తుంగభద్ర గట్టున ఉన్నా, పాలారు ఒడ్డున ఉన్నా, వంశధార పక్కన ఉన్నా చంద్రుడు మాత్రం తల్లి తరఫు చుట్టమే! 1947 జూలైలో మద్రాసు నుంచి ఒక పిల్లల పత్రిక తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి వెలువడినప్పుడు, ఆ చుట్టరికమే దాని పేరయింది. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ.

పెట్టినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డిది కడప జిల్లా, చక్రపాణిది తెనాలి ప్రాంతం. చక్రపాణి యౌవనంలో క్షయవ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్నారు. అక్కడే బెంగాలీ నేర్చుకుని, తర్వాత శరత్‌బాబు నవలలను తెలుగు చేశారు. ఒక భాషలోని కథను ఇంకో భాషలోకి తేవాలంటే ఏది పోతుందో, ఏది నిలుస్తుందో అనుభవం మీద ఎరిగిన మనిషి ఆయన. పత్రిక నడిచిన తీరులో ఆ ఎరుక కనిపిస్తుంది.

అంతకుముందు మనకు పిల్లల పత్రికలు లేవని కాదు. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు గారు, అంటే మన రేడియో అన్నయ్య, 1945లోనే మద్రాసు నుంచి 'బాల' నడిపారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అందులోనే వచ్చింది. బాపు పసితనపు బొమ్మలకూ అదే చోటిచ్చింది. సరిహద్దు ఊరి బిడ్డ తెలుగు పిల్లలందరికీ అన్నయ్య కావడం బరంపురం వాళ్ళు గట్టిగా చెప్పుకోదగ్గ సంగతే. కాని 'బాల' ఒక్క భాషలోనే సాగింది. చందమామ సంగతి వేరు. 1949లో కన్నడం, హిందీ, 1952లో మరాఠీ చాందోబా, 1956లో ఒడియా వచ్చాయి. ఆ తర్వాత ఇంకా పెరిగాయి.

ఇన్ని భాషల పత్రికను ఒక్కచోట నుంచి నడపడంలో కిటుకు బొమ్మలో ఉంది. దాదాపు ప్రతి పేజీలోనూ ఒక బొమ్మ ఉండేది. కథ ఏ లిపిలో అచ్చయినా బొమ్మ అదే. ఒకసారి గీస్తే అన్ని భాషలకూ పనికొచ్చేది. ఇది ఖర్చు లెక్క. అయితే ఆ లెక్క వల్ల బళ్ళారిలోనో, హోసూరులోనో, పర్లాకిమిడిలోనో ఉన్న తెలుగింటికి ఎవరూ అనుకోని లాభం ఒకటి కలిగింది. దాని సంగతి చెప్పేముందు బొమ్మలు వేసినవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి.

తొలినాళ్ళ నుంచీ 'చిత్ర' అనే పేరుతో గీసినవారు టి.వి. రాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, జ్వాలాద్వీపం లాంటి సీరియళ్ళలోని మాంత్రికులకూ, వింత మృగాలకూ రూపమిచ్చింది ఆయన కుంచే. కన్నడ దేశం నుంచి ఎం.టి.వి. ఆచార్య, శ్రీకాకుళం నుంచి వడ్డాది పాపయ్య వచ్చారు. ఇక శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో ధారాపురం దగ్గర పల్లెటూళ్ళో పుట్టిన తమిళుడు. మద్రాసు చిత్రకళాశాలలో చదివి, 1950ల ఆరంభంలో చందమామలో చేరి, పత్రిక ఆగిపోయేదాకా, సుమారు 60 ఏళ్ళు గీస్తూనే ఉన్నారు. 2020లో కన్నుమూశారు. 2021లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. ఇంత ఆలస్యం ఎందుకయిందో నాకు అర్థం కాదు. కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. బేతాళ కథలు చదివిన ఏ భాషవాడికైనా విక్రమార్కుడంటే ఆ బొమ్మే గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. పిల్లవాడు బడిలో కన్నడం చదువుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. కన్నడ చందమామలో కథ చదివేశాడు. అదే బొమ్మతో, అదే కథతో తెలుగు చందమామ చేతికొచ్చింది. బొమ్మ తెలిసిందే, కథ తెలిసిందే, చెవికి మాటలూ తెలిసినవే. తెలియనిది అక్షరం ఒక్కటే. కన్నడ లిపీ తెలుగు లిపీ ఒక తల్లి బిడ్డలే కనుక గ, ద, బ, ర లాంటి వాటిని చూడగానే పోల్చుకుంటాడు. త, శ దగ్గర, తలకట్టు దగ్గర కాస్త తడుముకుంటాడు. తమిళం చదివినవాడికి ఇంకొంచెం కష్టం. క, గ రెండింటికీ అతని బడిలో ఒకే అక్షరం. ఒడియా, మరాఠీ బడి పిల్లలకు లిపి పూర్తిగా కొత్తదే, అయినా అ ఆ ఇ ఈ వరస మారదు. అందరికీ ఊతం బొమ్మే.

భాష కూడా అందుకు కలిసొచ్చింది. 1952 నుంచి 1980లో మరణించేదాకా సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావు చిన్న చిన్న వాక్యాలు రాయించారు. పెద్ద సమాసాలు రానివ్వలేదు. తాను తిరగరాసిన కథల మీద పేరు వేసుకోలేదు. అయితే ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆ తెలుగు ఏ జిల్లాదీ కాదు. కోలారు మాట గాని, కృష్ణగిరి యాస గాని అందులోకి రాలేదు. మన పిల్లలకు చదవడం వచ్చింది, కాని తమ ఇంటి మాట అచ్చులో కనిపించలేదు. అమ్మ మాట తప్పు తెలుగు కాబోలు అనుకున్న పిల్లలూ ఉన్నారు. ఇది చిన్న నష్టం కాదు.

పత్రిక 1998లో ఒకసారి ఆగి, మరుసటి ఏడాది చివర మళ్ళీ మొదలయింది. 2007లో ముంబయి సంస్థ చేతికి వెళ్ళింది. 2013 నాటికి పూర్తిగా నిలిచిపోయింది. అదే కాలంలో బడి కూడా మారింది. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఉన్నచోటి భాష నేర్చుకోవలసిందే, అందులో అభ్యంతరం లేదు. కాని తెలుగు చదివించే భారం మునుపటికన్నా ఎక్కువగా ఇంటి మీద పడింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఉన్న ఆ బొమ్మల వాచకం పోయింది.

పాత సంచికలు చాలావరకు ఇప్పుడు కంప్యూటర్లో చూడటానికి దొరుకుతున్నాయి. అటకల మీద బైండు చేసిన సంపుటాలు ఉన్న ఇళ్ళూ లేకపోలేదు. మీ ఇంట్లో ఉంటే చెదలు పట్టకముందే కిందికి దించండి. పక్కింటి వారి దగ్గర అదే కథ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉందేమో అడగండి. రెండూ పిల్లల ముందు పక్కపక్కన తెరిచిపెట్టి, ముందు బేతాళ కథ తియ్యండి.