పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్పు – వలస వీసా కేసు

పెళ్లయిన స్త్రీ తన గుర్తింపు పత్రాల్లో పుట్టింటి ఇంటిపేరు తీసేసి భర్త ఇంటిపేరు రాయించుకోవడాన్ని ఇంటిపేరు మార్పు అంటారు. భర్త విదేశంలో ఉండి, ఆమె వీసా కేసు నడుస్తున్నప్పుడు ఈ మార్పు ఎప్పుడు చేయాలి, అసలు చేయాలా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట వంటి నల్లమల అంచు పట్టణం నుంచి అమెరికా వెళ్లే అమ్మాయి పత్రాలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం, పాస్‌పోర్టు కేంద్రం, కాన్సులేట్ దాటాలి. అన్నిచోట్లా ఆమె ఒకే మనిషని రుజువు కావాలి.

చట్టం

భార్య భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని భారతదేశంలో ఏ చట్టమూ చెప్పదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో గానీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో గానీ ఆ నిబంధన లేదు. పాస్‌పోర్టు కోసం మహిళలు పెళ్లి తర్వాత పేరు మార్చుకోనక్కర్లేదని ప్రధాని నరేంద్ర మోదీ 2017 ఏప్రిల్‌లో ప్రకటించారు. అమెరికా వలస చట్టమూ ఆ షరతు పెట్టదు. కెనడాలోని క్వెబెక్‌లోనైతే 1981 నుంచి పెళ్లయినా పుట్టింటి పేరే చట్టబద్ధమైన పేరు. కాబట్టి ఈ నిర్ణయం అత్తింటివారిది కాదు, ఆమెది.

తెలుగు పేరు, పాస్‌పోర్టు గడులు

తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పాస్‌పోర్టులో ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉంటాయి. చింతల స్వప్న అనే అమ్మాయి ఉందనుకుందాం. పదో తరగతి మెమోలో ఆమె ‘సీహెచ్. స్వప్న’, ఆధార్‌లో ‘చింతల స్వప్న’. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును రెండో గడిలోనే రాయించి ఉంటే, అమెరికా వీసాలో ఆ మొత్తం ఇంటిపేరు స్థానంలోకి వెళ్తుంది. అసలు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. అందుకే భర్త ఇంటిపేరు చేర్చుకున్నా, చేర్చుకోకపోయినా ముందు ఈ గడులు సరిచేయించుకోవాలి.

మార్చే విధానం

మొదటి ఆధారం పెళ్లి సర్టిఫికెట్. పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టం వచ్చింది. సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరిలో దేశమంతటికీ అదే ఆదేశం ఇచ్చింది. పెళ్లి కార్డు, పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్‌లు, వయసుకు పదో తరగతి మెమోలు పట్టుకొని సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. సర్టిఫికెట్‌లో వధువు పేరు ఆమె పాత పత్రాల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఆ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు పునర్జారీకి దరఖాస్తు చేస్తారు. అచ్చంపేటవారికి మహబూబ్‌నగర్ తపాలా కార్యాలయంలోని కేంద్రం గానీ, హైదరాబాద్ గానీ దారి. కొత్త పుస్తకంతో పాటు పాస్‌పోర్టు నంబరూ మారుతుంది. ఆధార్‌లో పేరును రెండుసార్లే మార్చుకోనిస్తారు. పదో తరగతి మెమో పుట్టింటి పేరుతోనే ఉన్నా ఫర్వాలేదు.

కేసు నడుస్తుండగా

భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే భార్య కోసం ఐ-130 పిటిషన్ వేస్తాడు. అది ఆమోదం పొందాక జాతీయ వీసా కేంద్రానికి వెళ్తుంది; ఆమె డీఎస్-260 ఫారం నింపుతుంది. ఇంటర్వ్యూ సాధారణంగా ముంబయి కాన్సులేట్‌లో ఉంటుంది. భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఉంటే ఆమెది హెచ్-4 వీసా. దానికి డీఎస్-160 ఫారం నింపాలి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. గతంలో వాడిన పేర్లేమిటని ఈ ఫారాలన్నీ అడుగుతాయి. పేరు మార్చుకొని ఉంటే అక్కడ పుట్టింటి పేరు తప్పక రాయాలి.

పేరు మార్చుకోదలిస్తే పిటిషన్‌కు ముందే మార్చుకోవడం, లేదా అమెరికా చేరాక మార్చుకోవడం సులువు. మధ్యలో మారిస్తే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మీద పాత పాస్‌పోర్టు నంబరే ఉండిపోతుంది. అప్పుడు కొత్త పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ ప్రతులు కేసుకు జతచేయాలి. వీసా ముద్ర పడ్డాక ప్రయాణం అయ్యేదాకా పేరు జోలికి పోకపోవడమే క్షేమం. విమాన టికెట్టు పాస్‌పోర్టులోని పేరుతోనే ఉండాలి.

అమెరికా చేరాక

ఐ-130 దారిలో వెళ్లినామెకు అప్పటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే వచ్చేది షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్‌కార్డు. దాని గడువులోని చివరి 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఐ-751 ఫారం వేయాలి. పదేళ్ల కార్డులో పేరు మార్చుకోవడానికి ఐ-90 ఫారం ఉంది. పౌరసత్వానికి ఎన్-400 ఫారం వేసేటప్పుడు కూడా పేరు మార్పు కోరవచ్చు. ఆ మార్పు కోర్టు ఆధ్వర్యంలో జరిగే ప్రమాణ స్వీకారంతో అమలవుతుంది.

పత్రాల భద్రత

విడాకులైతే డిక్రీ చూపి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు తిరిగి రాయించుకోవచ్చు. ఏ పేరుతో ఉన్నా పెళ్లి సర్టిఫికెట్, మెమోలు, పాత పాస్‌పోర్టు అసలు ప్రతులు ఆమె దగ్గరే ఉండాలి. భర్త పెట్టెలోనో అత్తగారి బీరువాలోనో కాదు. చింతల స్వప్న, భర్త ఇంటిపేరు పెట్టుకున్న స్వప్న ఒక్కరేనని సాక్ష్యం చెప్పేవి ఆ కాగితాలే.