కావడిబద్ద కింది కండరం: మన్యంలో నొప్పి, వాత, విద్యుత్తు

మన్యం చరిత్రకారులు పోడు, ముఠాదారీ, తిరుగుబాట్ల గురించి విస్తారంగా రాశారు. బరువు మోసిన దేహం మాత్రం ఆ రచనల్లో అరుదుగా కనిపిస్తుంది. నర్సీపట్నం–చింతపల్లి దారి నిర్మాణంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టిచాకిరి 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి ఒక కారణమని అంగీకరించేవారు సైతం కూలి లెక్కల దగ్గరే ఆగిపోతారు.

అరకు, పాడేరు సంతలకు కావడితో దిగే ఆదివాసి రైతుకు బద్ద ఆనేది మెడకూ భుజానికీ నడుమనున్న ట్రెపీజియస్ కండరం మీద. అటువంటి కండరంలో బిగుసుకున్న పోగు మీద వేలికి తగిలే సలుపు గడ్డే ట్రిగ్గర్ పాయింట్. దాన్ని నొక్కితే నొప్పి మెడ మీదుగా కణత దాకా పాకవచ్చు. ఈ భావనను వైద్యంలో స్థిరపరచిన అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో దీనిపై పెద్ద గ్రంథమే వెలువరించారు.

తెలుగు పల్లెల్లో ఇటువంటి నొప్పులకు పాత చికిత్సల్లో ఒకటి వాత. అరకుకు పొరుగున ఉన్న కొరాపుట్ వైపు దీన్ని 'చెంక' అంటారు. కాల్చిన ఇనుముతో చర్మంపై కొత్త నొప్పి పుట్టించి పాతదాన్ని మరిపించడం ఇందులోని సూత్రం. దీన్ని కేవలం మూఢనమ్మకమని కొట్టివేయడం తొందరపాటు. పసిపిల్లలకు వాతలు పెట్టే ఆచారాన్ని సమర్థించడం అంతకంటే పెద్ద తప్పు. ఒక స్పర్శ మరొక బాధను అణచగలదన్న గమనిక ప్రాచీనమైనది. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి విద్యుత్ చేపను ప్రయోగించమన్నాడు.

రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ఈ గమనికకు శాస్త్రరూపమిచ్చింది. స్పర్శను మోసే లావు నాడీతంతువులు ఉత్తేజితమైతే వెన్నుపాములో నొప్పి సంకేతాల దారి ఇరుకవుతుంది. 1967లో వాల్, విలియం స్వీట్ విద్యుత్ ప్రేరణతో దీన్ని రోగులపై పరీక్షించారు. నేటి టెన్స్ పరికరం ఆ దారిలోనిదే: చర్మంపై రెండు అతుకులు, జిలజిలమనే స్వల్ప విద్యుత్తు. చర్మం కాలదు, ఉపశమనం తాత్కాలికం. భుజం మీది బరువు తగ్గకపోతే గడ్డ మళ్లీ బిగుస్తుంది.

ఈ కొండల్లోనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. దాని విద్యుత్తు మైదానాలకు చేరిన చాలాకాలానికి గానీ అనేక గూడేలలో దీపం వెలగలేదు. టెన్స్‌కు ఆ తీగలతో పని లేదు, చిన్న బ్యాటరీ చాలు. కానీ దాన్ని అమర్చే ఫిజియోథెరపిస్టు సాధారణంగా పట్టణంలో ఉంటాడు. రోడ్డు లేని గూడెం నుంచి రోగి అక్కడికి చేరాలంటే ముందు డోలీ కట్టాలి. దాని కర్రను మోసేవారి భుజాల్లోనూ ఆనేది ఆ ట్రెపీజియస్ కండరం మీదే.