అద్దె సైకిలు నుంచి కొండ సైకిలు దాకా

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో సైకిలుకు గిరాకీ రావడానికి ఒక కారణం రైలు లేకపోవడం. మద్రాసు–బొంబాయి మార్గం 1871లో పూర్తయింది గానీ, పట్టాలు ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయాయి. మూడు ఊళ్లూ పక్కకు పడ్డాయి. ప్రొద్దుటూరు 1915లోనే మునిసిపాలిటీ అయినా, ఆ ఊరి మీదుగా పోయే ఎర్రగుంట్ల–నంద్యాల లైను మీద ప్రయాణికుల బండి నడిచింది 2016లో. అంతవరకూ జట్కా, ఎద్దులబండి, తర్వాత బస్సు. బస్సు దిగాక మిగిలిన దారికి సైకిలే దిక్కు.

మొదట్లో ర్యాలీ, హెర్క్యులిస్, బీఎస్ఏ బండ్లు ఇంగ్లండు నుంచే రావాలి. అవి కలిగినవాళ్ల వస్తువులు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో పుట్టాక సైకిలు నేతగాడికీ, పాలవాడికీ అందుబాటులోకి వచ్చింది. కొనలేనివాళ్లకు అద్దె షాపు ఉంది.

ఇతర దేశాల్లో సైకిలు క్లబ్బు చేసే పనుల్లో సగం ఇక్కడ ఈ షాపే చేసింది. బండి ఇచ్చేది, బాగుచేసేది, తొక్కడం నేర్చుకునే పిల్లల్ని పోగుచేసేది. మడ్‌గార్డు మీద షాపు పేరు, నంబరు రాసి ఉండేవి. బండి తీసుకున్న టైము నోటుబుక్కులో ఎక్కేది. తెలిసిన ముఖమైతే చాలు, పూచీ అడిగేవారు కాదు. పొట్టి పిల్లలు బారు కింద నుంచి కాలు దూర్చి అరపెడలు తొక్కుతూ నేర్చుకునేవారు. గంట దాటితే అద్దె పెరుగుతుంది కాబట్టి చివరి పది నిమిషాలూ షాపు వైపే తొక్కేవారు. షాపులో ఓవర్‌హాలింగ్ నేర్చుకున్న కుర్రాళ్లు తర్వాత మోపెడ్ల మెకానిక్కులైన సందర్భాలు కోకొల్లలు.

ఈ నేల సైకిలుకు సులువైనది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి. వాన పడితే బంకమన్ను చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిగా పట్టేస్తుంది, అప్పుడు బండిని భుజాన వేసుకుని నడవడమే. ఎండాకాలం కంపముళ్లు, పల్లేరుకాయలు, నాపరాళ్ల చెక్కలు. పులివెందుల వైపు గుట్టలు. పంక్చరు వేయడం, సొల్యూషన్ పూసి ట్యూబుకు అతుకు పెట్టడం రైతుబిడ్డకు దాదాపు పుట్టుకతో వచ్చిన విద్య.

ప్రభుత్వం కూడా సైకిలును వదల్లేదు. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కింద పట్టణాలు వాహనపన్ను వేసేవి. కట్టినట్టు రుజువుగా రేకు బిళ్ల తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకపోయినా, ఇద్దరు ఎక్కినా జరిమానా పడేది.

వినోదమూ సైకిలు మీదే. 1970, 80ల్లో తెలుగునాట ఊరూరా మైకు కట్టి, రోజుల తరబడి బండి దిగకుండా తొక్కేవాళ్ల ఆటలు సాగాయి. స్నానం, తిండి, గడ్డం గీసుకోవడం అన్నీ సీటు మీదే. ఊరివాళ్లు చొక్కాకు నోట్లు గుచ్చేవారు. వీటిని చిల్లర గారడీలని తీసిపారేయడం అన్యాయం. ఈ పల్లెలు బాగా ఎరిగిన సైకిలు ఆట అదే.

కొండ సైకిలు పుట్టింది మరోచోట. కాలిఫోర్నియాలోని మరిన్ ప్రాంతంలో వెలో క్లబ్ టామల్పాయిస్ సభ్యులు పాత బరువైన సైకిళ్లతో కొండ దిగేవారు. 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే మట్టిదారిలో పందెం మొదలుపెట్టారు. ఒక్కసారి దిగితే బ్రేకు హబ్బులోని గ్రీజంతా మాడిపోయి మళ్లీ నింపాల్సి వచ్చేది, ఆ పేరు అందుకే. ఇరవై ఏళ్లకు, 1996లో అట్లాంటాలో, కొండ సైకిలు పోటీ ఒలింపిక్స్‌కెక్కింది. అదే దశకంలో కడప జిల్లా షాపులకు లావు టైర్లు, అడ్డహ్యాండిలుతో ఎంటీబీలు అనే కొండ సైకిళ్లు వచ్చాయి. కుర్రాళ్లు వాటిని కొండకు కాదు, కాలేజీకి తొక్కారు.

కొండ మాత్రం దగ్గర్లోనే ఉంది. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లలో, ఎర్రమల కొండల్లో పెన్న కోసిన లోయ అంచున గండికోట నిలిచింది. ఇటీవల అక్కడ సాహస క్రీడల అకాడమీ ఏర్పడి రాళ్లెక్కడం, తాడుతో దిగడం, పడవ నడపడం నేర్పుతోంది. ఇక ఊళ్లలో సైకిలు అద్దె షాపులు మోపెడ్ల కాలంలో తగ్గుతూ వచ్చి, స్కూటర్ల కాలంలో దాదాపు మూతపడ్డాయి. మిగిలినచోట ఇప్పుడు పంక్చర్లు వేస్తారు, గాలి కొడతారు.